వెలుగును మించిన వార్త కలదా?



నేను ముప్పదిరెండు సంవత్సరములు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము బోధించి, పని విరమించి, ఇప్పుడు స్వగ్రామముననే కాలము గడుపుచున్న ఉపాధ్యాయుడను. నేటి ప్రసంగమునకు విషయమును నేను గ్రంథములలో వెదకలేదు. అది మా ఊరి రావిచెట్టు క్రింది అరుగుమీద లభించినది. ఒకనాటి సాయంకాలము మా గ్రామపు పెద్దరైతు ఒకరు, నాకన్న పదియేండ్లు పెద్దవారు, నన్నిట్లు ప్రశ్నించిరి.

“మాస్టారూ, మా మనుమడు అమెరికానుండి మాటలాడుచుండగా పెరటిలోనుండి పలికినట్లే వినబడుచున్నది. రేపు మన పిల్లలు చంద్రునికిని, అంగారకునికిని, నక్షత్రములకును పోదురని చెప్పుకొనుచున్నారు గదా. అచ్చటినుండియు ఇట్లే మాటలాడవచ్చునా?”

“చంద్రునినుండి కొంచెము తడబాటుతో మాటలాడవచ్చునండి. అంగారకునినుండి ఇట్లు వీలుపడదు. ఇక నక్షత్రమన్నచో, మిక్కిలి దగ్గరిదానినుండియైనను మీ ప్రశ్నకు బదులు వచ్చుటకు ఎనిమిదిన్నర యేండ్లు పట్టును” అంటిని.

ఆయన కొంతసేపు ఊరకుండి, “ఇంతమంది పండితులున్నారు. ఇంతకన్న వేగముగ పోవు ఉపాయము నొక్కదానిని కనుగొనలేకపోయిరా?” అని అడిగిరి.

ఆ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. గొప్ప శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్ననే తమలో తాము వేసికొని పలువిధములైన ఉపాయములు తలపోసిరి. ఆ యుపాయము లెట్టివో, ఒక్కొక్కటి యెచ్చట చిక్కుపడినదో నేడు మీకు విన్నవించెదను. తుదకు నా స్వంత విషయము నొకదానిని గూడ చెప్పుకొనవలసియున్నది. అది యీ చర్చకు దూరమైనది కాదు.

మొదట వెలుగు వేగమును తెలిసికొందము. పూర్వము వెలుగునకు కాలమే పట్టదని పలువురు తలచిరి. ఇటలీదేశపు గెలీలియో దానిని పరీక్షింపదలచి, ఇద్దరు మనుష్యులు దూరదూరముగ నిలిచి, ఒకరి లాంతరు మూత తీయగనే రెండవవారును తీయవలెనని ఒక యుక్తి చెప్పెను. మైలు దూరమైనను లేని చోట్ల దానిచే ఏమియు తేలలేదు. వెలుగునకు కాలము పట్టకుండవలెను, లేదా అది మిక్కిలి వేగము కలదై యుండవలెనని మాత్రమే ఆయన 1638లో వ్రాసెను. పిమ్మట 1676లో రోమర్ అను డేనిష్ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు గురుగ్రహము చుట్టు తిరుగు ఒక ఉపగ్రహమునకు పట్టు గ్రహణములను గమనించి, భూమి గురునికి దూరమగు కొలది ఆ గ్రహణములు ఆలస్యముగ కనబడుచున్నవని కనుగొనెను. గ్రహణము ఆలస్యము కాలేదు. దాని వార్త ఆలస్యమైనది. వెలుగునకు కాలము పట్టునని లోకమునకు తెలిసినది అప్పుడే. 1849లో ఫ్రాన్సు దేశమున ఫిజో అనునతడు వేగముగ తిరుగు పండ్లచక్రము సందులలోనుండి వెలుగును పంపి, ఎనిమిదిన్నర కిలోమీటర్ల దూరమునుండి మరల రప్పించి, దాని వేగమును నేలమీదనే కొలిచెను. నేడు మన కొలత యిది: సెకండునకు 2,99,792 కిలోమీటర్లు. సుమారు మూడులక్షలనుడు.

రేడియో తరంగములును ఒకవిధమగు వెలుగే. మన కంటికి కనబడని వెలుగు. కావున వానికిని అదే వేగము. ఇందులో నొక వింత కలదు. యంత్రములలోని జాప్యమును విడిచి లెక్కించినచో, నేను మాటలాడుచుండగా నా యెదుట పది యడుగుల దూరమున కూర్చున్న వారికన్న, రెండువందల కిలోమీటర్ల దూరమున రేడియో దగ్గర కూర్చున్న మీకే నా మాట ముందుగ వినబడును. ఎదుటివారికి నా మాటను గాలి మోయుచున్నది. అది సెకండునకు 340 మీటర్లే నడచును. మీకు దానిని వెలుగు మోసికొనివచ్చుచున్నది.

ఇంత వేగముగల దూతయు ఆకాశమున అలసినవానివలె కనబడును. చంద్రునికి పోవుటకు దానికి సెకండుం బాతిక పట్టును. సూర్యునినుండి మనకు వచ్చుటకు ఎనిమిది నిమిషముల యిరువది సెకండ్లు. అంగారకుడు మనకు సమీపించినపుడు మూడు నిమిషములు, దూరమైనపుడు ఇరువదిరెండు నిమిషములు. 2013 నవంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి బయలుదేరిన మన మంగళయానము 2014 సెప్టెంబరు 24న అంగారకుని చేరిన కథ మీలో పెక్కుమందికి జ్ఞాపకముండును. ఆనాడు అది మనకు సుమారు 22 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండెను. అచ్చట దాని యంత్రము సుమారు 24 నిమిషములు మండి, వేగమును తగ్గింపవలెను. తగ్గనిచో నౌక అంగారకుని దాటి పోవును. ఇచ్చటినుండి “మండుము” అని ఆజ్ఞ యిచ్చి, తప్పు జరిగినచో దిద్దుదమన్న వీలుపడదు. తప్పు జరిగినదను వార్త ఇచ్చటికి వచ్చుటకే పండ్రెండు నిమిషములు. దిద్దుబాటు పోవుటకు మరి పండ్రెండు. అంతలో సర్వము ముగిసియుండును. కావున మన శాస్త్రజ్ఞులు చేయవలసిన దంతయు ముందుగనే దాని యంత్రమునకు బోధించి, ఆ యుదయము చేతులు కట్టుకొని వేచియుండిరి. బిడ్డను దూరదేశమునకు పంపిన తలిదండ్రులు చేయునదియు అంతే గదా.

ఇంకను దూరము పోయినది వాయేజరు 1 అను అమెరికా నౌక. 1977లో విడిచినది నేటికిని సూర్యకుటుంబపు గ్రహములన్నిటిని దాటి పోవుచునే యున్నది. 2023 నవంబరులో దాని యంత్రమున నొక లోపము కలిగి, అది పంపు వార్తలు అర్థహీనములయ్యెను. లోపమెచ్చటనున్నదో ఊహించి, 2024 ఏప్రిల్ 18న ఒక సవరణను పంపిరి. ఆ సవరణ అచ్చటికి చేరుటకు ఇరువదిరెండున్నర గంటలు. ఫలితము తిరిగివచ్చుటకు మరల అన్ని గంటలు. 20వ తేదీన అది ఫలించినదని తెలిసినది. రోగి నాడి పట్టుకొన్న వైద్యుడు, అది కొట్టుకొనుచున్నదో లేదో తెలిసికొనుటకు రెండు దినములు వేచియుండినట్లు భావింపుడు.

ఇట్టి యాలస్యమును చూచిన తరువాత, వెలుగుకన్న వేగముగ పోవు దూతను కోరుట సహజమే. మన పెద్దలు ఇదివరకే ఒక దూతను చెప్పియున్నారు. మహాభారతమున యక్షుడు ధర్మరాజును గాలికన్న వేగము కలదేదియని యడుగగా, మనస్సని ఆయన బదులు చెప్పెను. ఆ మాట సత్యమే. నేను తలచినంతనే నా మనస్సు చంద్రునిమీద నుండును. కాని అది పోయివచ్చి అచ్చటి వార్తనొకదానిని తేగలదా? అచ్చట రాతిక్రింద ఏమున్నదో చెప్పగలదా? చెప్పలేదు. మనస్సు తాను తీసికొనిపోయిన దానినే తిరిగి తెచ్చును. ఇక శరీరమున నాడులలో పోవు సంకేతముల వేగము గొప్పగ నున్నను సెకండునకు సుమారు నూరు మీటర్లే. కావున నాటి ప్రశ్నయు నేటి ప్రశ్నయు వేరు. నేటి ప్రశ్న పోవుటను గూర్చి కాదు, వార్తను మోయుటను గూర్చి. ఈ భేదమును దయచేసి మనస్సున నుంచుకొనుడు. మీదట అడుగడుగునను దీనితో పని పడును.

మొదటి యుపాయము పిల్లలు తరచుగ చెప్పునది. భూమినుండి చంద్రునివరకు ఒక ఉక్కుకడ్డీ యున్నదనుకొందము. ఈ కొనను నేను త్రోసినచో, ఆ కొన వెంటనే కదలదా? నా తరగతిలో ప్రతి సంవత్సరమును ఒక బాలుడైనను ఈ మాట అడుగకుండ నుండలేదు. కదలదు. కడ్డీ యనునది కోట్లకోట్ల యణువుల వరుస. మొదటి యణువు రెండవదానిని, రెండవది మూడవదానిని త్రోయవలెను. సంతలో జనసమ్మర్దమున వెనుకనుండి త్రోసిన త్రోపు ముందువానికి చేరుటకు కొంతసేపు పట్టినట్లే, ఉక్కులో త్రోపు సెకండునకు సుమారు ఐదు కిలోమీటర్లు మాత్రమే నడచును. చంద్రుని చేరుటకు ఇరువదియొక గంట పట్టును. వెలుగే మేలు.

రెండవ యుపాయము ఇంతకన్న తెలివియైనది. మిక్కిలి బలమైన దీపపు కిరణమును చంద్రునిమీదికి త్రిప్పి, చేతిని కొంచెము కదల్చినచో, ఆ వెలుగుమచ్చ చంద్రబింబమును ఒక కొననుండి మరియొక కొనకు దాటును. చంద్రుని అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు. సెకండులో నూరవవంతులో దాటించితిమా, ఆ మచ్చ వెలుగుకన్న వేగముగ పోయినట్లే! ఇది అబద్ధము కాదు. కాని తిరునాళ్లలో ప్రభకు కట్టిన విద్యుద్దీపముల వరుసను చూడుడు. దీపములు ఒకదాని తరువాత నొకటి వెలుగుచుండగా వెలుగు పరుగెత్తుచున్నట్లు కనబడును. ఏ దీపమును తన చోటు విడిచి పోలేదు. చంద్రునిమీది మచ్చయు నట్టిదే. ఈ కొననున్నవాడు ఆ మచ్చకు ఒక చీటి కట్టి ఆ కొననున్నవానికి పంపలేడు. మచ్చ పోయినది, వార్త పోలేదు.

ఇక, వస్తువునే వెలుగుకన్న వేగముగ పంపరాదా? 1905లో ఐన్‌స్టీన్ పండితుడు దీనికి అడ్డమున్నదని చూపెను. బరువుగల వస్తువు వెలుగు వేగమునకు సమీపించు కొలది, మరికొంచెము వేగము పెంచుటకు అంతకంతకు అధికమగు శక్తి కావలసివచ్చును. సరిగా వెలుగు వేగము నందుటకు లోకమందలి శక్తియంతయు చాలదు. ఇది కాగితముమీది మాట మాత్రమే కాదు. జెనీవా నగరము దగ్గర ఇరువదియేడు కిలోమీటర్ల చుట్టుకొలతగల మహాయంత్రమున ప్రోటాన్లను త్రిప్పుచున్నారు. అంత శక్తి పోసినను, అవి వెలుగుకన్న సెకండునకు సుమారు మూడు మీటర్లు వెనుకనే యున్నవి. ఆ మూడు మీటర్లు దాటుట యెవరికిని సాధ్యము కాలేదు.

ఇచ్చట మన దేశమువాడొకడు చక్కని ప్రశ్న వేసెను. కేరళమున 1931లో జన్మించిన సుదర్శన్ అను శాస్త్రజ్ఞుడు, దేశ్‌పాండే, బిలానియుక్ అనువారితో కలసి 1962లో ఇట్లు వ్రాసెను: నెమ్మదిగ పోవు వస్తువు వెలుగు వేగమను గోడను దాటలేదు, సరే, పుట్టుకతోడనే ఆ గోడకు ఆవలనున్న కణము లుండరాదా? అట్టి కణములు శక్తి కోల్పోవు కొలది ఇంకను వేగముగ పోవును. వానిని నిలిపి వెలుగు వేగమునకు దింపుటకే అనంతమగు శక్తి కావలెను. 1967లో ఫైన్‌బర్గ్ అను అమెరికా పండితుడు వానికి టాకియానులని పేరు పెట్టెను. ఊహ గంభీరమైనది, గణితమున దోషము లేదు. కాని వెదకినవారికి అట్టి కణము నేటివరకు ఒక్కటియు కనబడలేదు.

కనబడినచో నేమగును? ఇచ్చట ఈ విషయమున కెల్ల మూలమైన చిక్కు కలదు. ఐన్‌స్టీన్ చెప్పినదానిలో అన్నిటికన్న వింతయైనది “ఇప్పుడు” అను మాటను గూర్చినది. మన యూరిలో ఇప్పుడు దీపము పెట్టుచున్నారు. సరిగా ఇప్పుడే దూరనక్షత్రము దగ్గర ఏమి జరుగుచున్నది? దీనికి అందరును ఒకే బదులు చెప్పరు. మిక్కిలి వేగముగ ప్రయాణము చేయువాని “ఇప్పుడు” వేరు, నిలిచియున్నవాని “ఇప్పుడు” వేరు. ఇద్దరి లెక్కయు సరియైనదే. వెలుగును మించని వార్తలకు దీనివలన బాధ లేదు. పంపుట ముందు, అందుట తరువాత యని అందరును ఒప్పుకొందురు. వార్త వెలుగును మించినదా, ఒకరి లెక్కలో అది పంపిన తరువాత అందును. మరియొకరి లెక్కలో పంపకముందే అందును. అట్టి దూతలిద్దరిని జోడించితిమేని, నా ప్రశ్నకు బదులు నేను ప్రశ్న అడుగకముందే వచ్చిచేరును. దీనిని 1907లో ఐన్‌స్టీనే సూచించెను. 1917లో టోల్‌మన్ అనునతడు వివరించెను. బదులు ముందుగ చూచుకొని నేను ఇక ప్రశ్న పంపననుకొందును. అప్పుడు ఆ బదులు దేనికి వచ్చినట్లు? కోడలు రాకముందే మనుమడు పుట్టినట్లుండును. కావున వెలుగు వేగము ప్రయాణమునకు పెట్టిన సుంకము మాత్రమే కాదు. కారణము ముందు, కార్యము వెనుక యను వరుసను కాపాడు గట్టు. గట్టు తెగినచో చేలన్నియు ఒకటియగును.

మూడవ యుపాయమును గూర్చి నేడు ఎక్కువగ చెప్పుకొనుచున్నారు. ఒక జత చెప్పులను విడదీసి, రెండు పెట్టెలలో నుంచి, చూడకుండ ఒకటి కాశికి, ఒకటి రామేశ్వరమునకు పంపుడు. కాశిలో పెట్టె తెరచినవాడు ఎడమచెప్పును చూచిన క్షణముననే రామేశ్వరమున నున్నది కుడిచెప్పని తెలిసికొనును. వార్తయేదియు నడువలేదు. సూక్ష్మకణములలోను ఇట్టి జంటలు కలవు. కాని వానిలో నొక విశేషమున్నది. చెప్పు మొదటినుండియు ఎడమదే. కణమునకట్లు ముందుగ నిర్ణయము లేదనియు, చూచినపుడే తేలుననియు కొత్తశాస్త్రము చెప్పును. 1935లో ఐన్‌స్టీన్ దీనిని అంగీకరింపలేదు. 1964లో బెల్ అను ఐర్లండు దేశీయుడు దీనిని పరీక్షించు మార్గము చూపెను. క్లౌజర్, ఆస్పె, సైలింగర్ అనువారు పరీక్షించిరి. జంటలోని బంధము చెప్పులజత బంధముకన్న గాఢమైనదని తేలినది. ఆ ముగ్గురకు 2022లో నోబెల్ బహుమానము వచ్చినది.

అట్లయినచో దీనితో వార్త పంపరాదా? పంపరాదు. ఏలయనగా, నా కణమును నేను చూచినపుడు ఎడమ రావలెనో కుడి రావలెనో నిర్ణయించుట నా చేతిలో లేదు. బొమ్మాబొరుసు వేసినట్లు అది తనంత తానే తేలును. దూరముననున్నవానికిని అట్లే తేలును. ఇద్దరును తమ తమ పట్టికలు తెచ్చి సరిపోల్చుకొన్నపుడే బంధము కనబడును. ఆ పట్టికను తెచ్చునది మరల మన పాతదూత, వెలుగే.

ఈ చిక్కును దాటుటకు హెర్బర్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1982లో ఒక యుక్తి ప్రకటించెను. అందిన కణమునకు అనేక ప్రతులు తీసి, అన్నిటిని పరీక్షించినచో, అవతలివాడేమి చేసెనో తెలియునని ఆయన ఊహ. ఆ వ్యాసమును ప్రచురణకు ముందు పరిశీలించిన ఇద్దరిలో నొకడు అది తప్పని ఋజువుతో తిరస్కరించెను. రెండవవాడగు పెరెస్ అది తప్పని యెరిగియు, ఆ తప్పెచ్చటనున్నదో వెదకుటలో క్రొత్తసంగతి తెలియునని ప్రచురింపుమనెను. అట్లే జరిగినది. ఆ సంవత్సరమే వూటర్స్, జూరెక్ అను నిద్దరును, వేరుగ డీక్స్ అనునతడును, తెలియని స్థితిలోనున్న కణమునకు సరియైన ప్రతి తీయుట ప్రకృతిలో సాధ్యము కాదని నిరూపించిరి. ఆ నియమమే నేడు దొంగలకు చిక్కని రహస్యలిపికి ఆధారమైనది. తప్పుమాట యొకటి సత్యమునకు త్రోవ చూపినది. పంచాయతీలో కూర్చుండు పెద్దలకు ఈ సంగతి రుచించుననుకొందును.

నాలుగవ యుపాయము దారినే కురుచ చేయుట. కొండచుట్టు పోవు బాటకు బదులు కొండలో సొరంగము త్రవ్వినట్లు, ఆకాశమునందు సొరంగము లుండవచ్చునని 1935లో ఐన్‌స్టీన్, రోజెన్ అనువారి గణితమున తోచినది. 1988లో మోరిస్, థార్న్ అనువారు అది మూసికొనిపోకుండ నిలుచుట కేమి కావలెనో లెక్కించిరి. 1994లో అల్కుబియేర్ అను మెక్సికో దేశీయుడు, నౌక ముందరి ఆకాశమును ముడిచి, వెనుకటిదానిని విప్పి పోవు విధమును చెప్పెను. గణితము వీనిని కాదనదు. కాని వీనికి కావలసినది శూన్యముకన్న తక్కువయైన శక్తి, అదియు రాశులు రాశులుగ. అప్పుచేయక అప్పును నిలువచేయుటవంటిది. అట్టి సరకు అంత మొత్తమున ఎచ్చటను దొరకలేదు.

గురుత్వాకర్షణయైనను త్వరగ పోవునేమో యందురా? 2017 ఆగస్టు 17న, 13 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు నక్షత్రశవములు ఢీకొన్న సంగతి ఆకర్షణతరంగములుగను, వెలుగుగను వచ్చినది. అంత ప్రయాణము చేసియు రెండును రెండు సెకండ్లలోపు తేడాతో చేరినవి. దానిదియు అదే వేగము.

ఒక్కమారు మాత్రము గోడ దాటినట్లే లోకము తలచినది. 2011 సెప్టెంబరులో, జెనీవానుండి ఇటలీలోని గ్రాన్ సాసో కొండక్రింది పరిశోధనశాలకు 730 కిలోమీటర్లు భూమిలోపలనుండి పోయిన న్యూట్రినోలను కణములు, వెలుగుకన్న సెకండులో నూరుకోట్ల వంతులు అరువది ముందుగ చేరినవని ఆ పరిశోధకులు ప్రకటించిరి. తాము గెలిచితిమని వారు చాటలేదు. మా లెక్కలో తప్పు కనబడలేదు, మీరును వెదకుడని లోకమును కోరిరి. కొందరు వెంటనే ఒక పాతసాక్ష్యము చూపిరి. 1987లో సుమారు 1,68,000 కాంతిసంవత్సరముల దూరమున ఒక నక్షత్రము ప్రేలినపుడు, న్యూట్రినోలు వెలుగుకు కొన్ని గంటలు మాత్రమే ముందు వచ్చినవి. అదియు వెలుగు నక్షత్రపు పొరలలో చిక్కుపడి ఆలస్యముగ బయలుదేరుటచేతనే. క్రొత్తలెక్క నిజమైనచో అవి నాలుగేండ్లు ముందుగ రావలసినది. తుదకు 2012లో ఒక తీగెకొన సరిగా బిగింపబడలేదని బయటపడినది. తీగె బిగింపగనే న్యూట్రినోలు వెలుగు వెనుక నిలిచినవి. ఆ సంఘపు నాయకులిద్దరు తమ స్థానములను విడిచిరి. అయినను తమ తప్పును తామే వెదకి పట్టుకొనిరన్న గౌరవము ఆ సంఘమునకు మిగిలినది.

ఇప్పుడు నా స్వంతవిషయము. 1969 జూలైలో నేను విశాఖపట్టణమున చదువుకొనుచుంటిని. ఆ నెల 21వ తేదీ యుదయము, మనుష్యులు చంద్రునిమీద అడుగిడిరని రేడియోలో విని, వసతిగృహమున అందరము కేకలు వేసితిమి. చంద్రునిమీది మాట సెకండుం బాతికలో భూమికి చేరినదని నేనే నా స్నేహితులకు లెక్కకట్టి చెప్పితిని. ఆ వారముననే శుక్రవారము తెల్లవారుజామున మా ఊరిలో మా నాయనగారు కాలము చేసిరి. నాకు తంతి యిచ్చుటకు బయలుదేరిన మనిషిని పొంగుచున్న వాగు ఒకనాడంతయు ఆపినది. శనివారము మధ్యాహ్నమున తంతి కొట్టిరి. రెండువందల కిలోమీటర్లు తీగెమీద ఆ వార్త నడచిన కాలము సెకండులో నూరవవంతునకు మించదు. సాయంకాలమునకు కాగితము వసతిగృహమునకు చేరినది. అచ్చట దానిని అందుకొన్నవారొకరు, తరువాత ఇత్తమని బల్ల అరలో నుంచి, సెలవుదినమున ఊరికి పోయిరి. సోమవారము ఉదయము అది నా చేతికి వచ్చినది. శనివారము రాత్రి నేను స్నేహితులతో సినిమా చూచి నవ్వుచుంటిని. ఆ మూడుదినములును, నాకు మా నాయనగారు జీవించియే యుండిరి. దూరనక్షత్రము ఆరిపోయినను, దాని వెలుగును చూచువానికి అది బ్రతికియున్నట్లు. నేను చేరునప్పటికి అంతయు ముగిసినది. పెద్దకొడుకునగు నేను పెట్టవలసిన నిప్పును మా పినతండ్రిగారు పెట్టిరి.

తరువాత ముప్పదిరెండేండ్లు తరగతిలో వెలుగు వేగమును బోధించునప్పుడెల్ల ఆ బల్ల అర నాకు జ్ఞప్తికి వచ్చుచుండెను. ఆ మూడుదినములలో ప్రకృతినియమమునకు చెందిన యాలస్యము రెప్పపాటైనను లేదు. ఒక దినము వాగుది. దానికి వంతెన లేకపోవుట మనది. తక్కిన రెండుదినములలో అధికభాగము ఒక మనుష్యుని యజాగ్రత్తది. ఆయనమీద నాకిప్పుడు కోపము లేదు. కాని వెలుగును మించు దూతను గూర్చి యెవరైనను అడిగినపుడు నేను మొదట ఆ యరనే తలచుకొందును.

ఈ సంగతులన్నియు రావిచెట్టు క్రింద మా పెద్దరైతుగారికి రెండు మూడు సాయంకాలములలో చెప్పితిని. ఆయన తుదివరకు విని యేమియు పలుకక లేచిపోయిరి. మరునాడు వచ్చి నాతో మెల్లగ ఇట్లనిరి: “మాస్టారూ, మా యింటిదానికి జబ్బు చేసి రెండు మాసములైనది. పిల్లవాడు దిగులుపడునని, చదువు చెడునని అమెరికాకు చెప్పవద్దని నేనే కట్టడి చేసితిని. ప్రతి ఆదివారమును మాటలాడుచునే యున్నాము. నాయనమ్మ నిద్రపోవుచున్నదని చెప్పుచున్నాము. నిన్న రాత్రి చెప్పివేసితిని.”

“ఏమనెను?” అని అడిగితిని.

“కొంతసేపు ఏడ్చినాడు. ఇంతకాలమేల దాచితివని కోపగించినాడు. వచ్చు వారమున బయలుదేరుచున్నాడు” అనిరి.

మహాశయులారా, మన మాట అమెరికాకు చేరుటకు సెకండులో పదవవంతునకు అటునిటుగ పట్టును. ఆ యింటి వార్తకు రెండు మాసములు పట్టినది. వెలుగును మించు దూత నేటివరకు దొరకలేదు. దొరకుననుటకు ఆధారమును కనబడలేదు. వెదకువారు వెదకుచునే యుందురు, వెదకవలెను గూడ. తప్పిన ప్రతి యుపాయమును ఏదో యొక సత్యమును మనకిచ్చిపోయినది. అంతవరకు ఉన్న దూతనైనను మనము గడపలో ఆపకుండ నుందము. మీ చేతికి ఎవరిదైన వార్త వచ్చినచో ఆ పూటనే వారికి అందజేయుడు. మీ యింట చెప్పవలసిన మాట యున్నచో నేడే చెప్పుడు.